అంగడిని చూచితిమి, మనుష్యుని చూడమైతిమి

మద్యమును గూర్చి మన యాంధ్రదేశమున జరిగినంత రాజకీయము మఱియే వస్తువును గూర్చియు జరిగియుండదు. 1921లో సహాయనిరాకరణోద్యమము చెలరేగినపుడు గోదావరి, కృష్ణా, గుంటూరు మండలములందు ఖద్దరు కట్టిన యువకులు కల్లుపాకల యెదుట నిలువబడి, లోనికి పోవువారికి చేతులు జోడించిరి. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధమును మొదలుపెట్టెను. 1948 అక్టోబరు నాటికి అది మదరాసు రాజధాని యంతటను వ్యాపించెను. 1954 నవంబరులో ఆంధ్రరాష్ట్రపు తొలి మంత్రివర్గము, ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారిది, ఒక్క వోటుతో కూలినది ఈ వివాదము మీదనే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొను స్త్రీలు సారాకొట్టును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట నంటుకొని 1995లో సంపూర్ణ నిషేధమైనది. 1997లో ఆ నిషేధము సడలినది. 2019లో అంగళ్లను ప్రభుత్వమే చేతబట్టెను. 2024 అక్టోబరులో అవి మరల ప్రైవేటువారి చేతికి పోయినవి.

ఈ నూఱేండ్ల చరిత్రను చదువరులు మఱియొకమారు తిరుగవేసి చూతురుగాక. ప్రతి ఘట్టమునందును ప్రశ్న యొక్కటియే: అంగడి తెఱచుటయా, మూయుటయా? పాటదారుడు నడపుటయా, సర్కారు నడపుటయా? సీసా ధర యెంత, వేళ లెన్ని, బెల్టు షాపు లెన్ని? ఆ సీసా నెత్తినవాని చేయి వణకుచున్నదా యని అడిగినవాడు మాత్రము లేడు. మూసిననాడు వాడు నాటుసారాకు పోయినాడు. తెఱచిననాడు అంగడికి వచ్చినాడు. వాని పేరు చెప్పి మంత్రివర్గములు లేచినవి, పడినవి. వానికి మాత్రము మంచమైనను, మాటయైనను, మందైనను చాలినంతగా దొరకలేదు. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెమున పలువురు చనిపోయినపుడు కల్తీసారా మరణములని ప్రతిపక్షము, సహజ మరణములని ప్రభుత్వము వాదులాడుకొనినవి. చనిపోయినవారిలో ఎందఱు బ్రతికియున్న దినములలో ఒక్క కౌన్సెలరు ముఖమైనను చూచియుందురని ఆ వాదులాటలో నెవ్వరును అడిగినట్లు మాకు వినరాలేదు.

2019 తరువాత ప్రభుత్వాసుపత్రులలో మద్యవిమోచన కేంద్రములు కొన్ని తెఱచిరి. అది మంచి పని, మెచ్చుకొందము. కాని ఆ మెప్పు ఎంతమేర చెల్లునో లెక్కలు చెప్పును. ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ వారు 2019లో ప్రకటించిన సర్వే ననుసరించి మన దేశమున త్రాగువారు దాదాపు 16 కోట్లు. అందులో త్రాగుడువలన చిక్కులోబడి సహాయము కావలసినవారు 5.7 కోట్లు. ఆ మద్యమునకు బానిసలైనవారిలో ఏదో యొక చికిత్స పొందినవారు 38 మందికి ఒక్కడు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవాడు 180 మందికి ఒక్కడు. బెంగుళూరు నిమ్‌హాన్సు వారు 2015-16లో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేయు నిదియే చెప్పినది: త్రాగుడు వ్యాధి గల నూర్గురిలో ఎనుబదియార్గురికి చికిత్స లేదు. ఒక కలరాయో, మశూచికమో వచ్చి నూటికి ఎనుబదియార్గురిని వైద్యుని గడప తొక్కనీయకుండ నుండినచో ఈ దేశము ఊరకుండునా?

మన డెల్టాలో ఆ ఎనుబదియార్గురు ఎచ్చటికి పోవుచున్నారో చదువరు లెఱుగనిది కాదు. ఎఱిగియు ఎఱుగనట్లుందుము.

మొదటిది ఇంటిగది. ఆసామి యొకడు ఇరువదియేండ్లుగా దినమునకు రెండు క్వార్టరు సీసాలు త్రాగుచున్నాడనుకొందము. కూతురి పెండ్లి కుదిరినది. బంధువులు చేరి ఒట్టు వేయించిరి. ఆతడును పౌరుషముతో ఆ సాయంకాలమే మానివేసెను. మరునాడు చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర రాదు. రెండవనాడో, మూడవనాడో మూర్ఛ వచ్చును, గోడమీద పురుగులు ప్రాకుచున్నవనును, లేనివారితో మాటలాడును, కన్నబిడ్డల నెఱుగడు. ఇంటివారు గాలి సోకినదందురు. నిజమునకది గాలియు కాదు, గ్రహమును కాదు. ఏండ్ల తరబడి మద్యమున కలవాటుపడిన మెదడు, అది హఠాత్తుగా తప్పినపుడు పట్టుదప్పి పరుగెత్తుచున్నది. వైద్యుడున్నచో నిద్రపుచ్చి నరములను శాంతపఱచు మందులిచ్చి, కొన్ని దినములలో వానిని క్రమముగా తగ్గించి, బి-1 విటమిను సూదులిచ్చి వారము దినములలో గట్టెక్కించును. వైద్యుడు లేనిచో ప్రాణము పోవచ్చును. ఒట్టు నిలుపుకొన్నందులకు చచ్చిన మనుష్యుని జూచి లోకము, ‘త్రాగి త్రాగి పోయినాడు’ అనును! ఇంతకన్న అన్యాయపు మాట యేమున్నది?

రెండవది పొట్లము. ‘వానికి తెలియకుండ కూరలో కలిపి పెట్టుము, మందు మానివేయును’ అని చెప్పి అమ్మువారు సంతలలో గలరు. గోడలమీద ప్రకటనలు గలవు. ఇట్టి పొడులలో నేమున్నదో కొన్నవారికి తెలియదు. డైసల్ఫిరామ్ అను మందొకటి గలదు. దానిని తినినవాడు మద్యము పుచ్చుకొన్నచో ముఖము కందును, వాంతులగును, రక్తపుపోటు పడిపోవును, గుండెకే ముప్పు రావచ్చును. రోగికి చెప్పి, ఆతని సమ్మతిని గైకొని, పరీక్షలు చేసి వైద్యు డియ్యవలసిన మందు అది. మగనికి చెప్పకుండ భార్యచేత పెట్టించుట వైద్యము కాదు. భార్యను తెలియక నేరములో దింపుట.

మూడవది అన్నిటికంటె ఘోరమైనది. ఊరి వెలుపల అద్దెమేడ, ఇనుపకటకటాలు, పైన ‘కేంద్రము’ అను పలక. తెల్లవాఱుజామున నలుగురు వచ్చి మనుష్యుని మంచముమీదనుండి ఎత్తి బండిలో వేసికొని పోవుదురు. నెలకింతయని కుటుంబమువద్ద పుచ్చుకొందురు. లోపల వైద్యుడుండడు, కఱ్ఱ యుండును. ఇట్టివి అన్నియు నిట్లే యున్నవని మే మనము. శ్రద్ధతో, చట్టబద్ధముగా నడచునవియు గలవు. వానికి మా నమస్కారము. కాని ఏది ఏదియో తెలిసికొనుటకు ఒక పేదతల్లికి సాధనమేమున్నదని మా ప్రశ్న. 2001 ఆగస్టు 6వ తేదీని తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మానసికరోగులు అగ్నిప్రమాదమున సజీవముగా దగ్ధమైరి. గొలుసు లుండుటచేత వారు పరుగెత్తలేకపోయిరి. ఆ దుర్వార్త విని దేశము కన్నీరు కార్చినది. ఆపైన పదునాఱేండ్లకు చట్టము చేసినది.

ఆ చట్టమును, అనగా 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టమును, పఠనమందిరములలో ఒకమారు బిగ్గరగా చదివించిన బాగుండునని మాకు తోచుచున్నది. అందులో మద్యమువలనను, మాదకద్రవ్యములవలనను కలుగు మానసికావస్థలు స్పష్టముగా చేర్చబడినవి. గొలుసు వేయరాదని గలదు. మత్తు ఈయక విద్యుదాఘాతచికిత్స చేయరాదని గలదు. ఇట్టి కేంద్ర మేదైనను నమోదు కావలయునని గలదు. బలవంతముగా చేర్చుకొనవలసివచ్చినపుడు వైద్యులు పరీక్షింపవలయునే కాని బావమఱది మాట చాలదని గలదు. రోగి చెప్పిన రహస్యమును బయట పెట్టరాదని గలదు. మఱియొక్కటి గలదు, మా వాదమునకదియే మూలకందము. లింగము, లైంగికభావము, మతము, కులము, వర్గము, వైకల్యము, రాజకీయ విశ్వాసము అను వీనిలో దేనిచేతను భేదము చూపక ప్రతివానికిని చికిత్స నియ్యవలయునని పదునెనిమిదవ సెక్షను శాసించుచున్నది.

ఈ వాక్యము మన డెల్టాలో ఎంతవఱకు నిజము?

భూవసతిగల ఆసామి త్రాగినచో ‘పాపము, కష్టములలో నున్నాడు’ అందురు. పాలేరు త్రాగినచో ‘వాని జాతి యంతే’ అందురు. ఒకే సీసా, ఒకే కాలేయము, తీర్పులు రెండు. ఇక ఆడుది త్రాగినచో మాటయే లేదు. ఆమెకు రోగము లేదు, శీలము లేదు, అంతే! పొలములో నడుము విఱిగి సాయంకాలము గుక్కెడు సారాతో నొప్పి మఱచు కూలిస్త్రీ, రాత్రిపూట నిద్రమాత్రలకు అలవాటుపడిన పట్టణపు గృహిణి: వీరిలో నెవ్వరు మందు మాన్పించు కేంద్రపు గడప తొక్కగలరు? పురుషులతో నిండిన ఆ వార్డులో వారికి చోటెక్కడ?

వీరికంటె వెనుక నిలుచువారును గలరు. రైలుబండ్లలో చప్పట్లు కొట్టి చేయిచాపు హిజ్రాలను జూచి మనము ముఖము త్రిప్పుకొందుము. తల్లిదండ్రులు వెళ్లగొట్టగా, బడి వెక్కిరించగా, పని యెవ్వరును ఈయకపోగా, ఆ బ్రతుకును మత్తులేక భరించుట ఎంత కష్టమో ఊహించిన వారెందఱు? పురుషుని ప్రేమించు పురుషుడు, స్త్రీని ప్రేమించు స్త్రీ మన యూళ్లలోను గలరు, మన యిండ్లలోను గలరు, చెప్పరు. పెండ్లిచేసిన కుదురుకొనునని బలవంతముగా పీటలమీద కూర్చుండబెట్టి రెండు జీవితములను చెఱచు పెద్దలు గలరు. అట్టివాడు ఆ దుఃఖమును సీసాలో ముంచి, చివరకు చికిత్సకై వచ్చినాడనుకొందము. ఎదుట కూర్చున్న పెద్దమనిషి, ‘నీ త్రాగుడుకంటె ముందు నీ బుద్ధి మార్చవలయును’ అన్నచో ఆతడు మరునాడు మరల వచ్చునా? రాడు. ఆతని కథ అంగడిలో ముగియును. లేక గోదావరిలో ముగియును.

ఈ ‘బుద్ధి మార్చు’ వైద్యమునకు శాస్త్రమున నిలువనీడ లేదు. ప్రపంచారోగ్యసంస్థ 1990లోనే స్వలింగానురాగమును వ్యాధుల పట్టికనుండి తొలగించినది. మన దేశపు మానసికవైద్యుల సంఘము 2018లో అది వ్యాధి కాదని ప్రకటించినది. సర్వోన్నత న్యాయస్థానము 2014లో హిజ్రాల యస్తిత్వమును గుర్తించి, 2018 సెప్టెంబరు 6వ తేదీని పెద్దవారి పరస్పరసమ్మతమైన ప్రేమ నేరము కాదని తీర్పు చెప్పినది. మదరాసు హైకోర్టు 2021లో నడుము కట్టగా, జాతీయ వైద్యమండలి 2022లో అట్టి ‘మార్పు చికిత్స’ చేయు వైద్యునిది వృత్తిదోషమే యని తేల్చినది. అయినను పట్టణములలో ఆ పేరు చెప్పి సొమ్ము గుంజువారికి కొదువ లేదు.

‘ఇదియంతయు పాశ్చాత్యుల పైత్యము, మన సంప్రదాయమునకు సరిపడదు’ అని యొక ఆక్షేపణ గలదు. ఈ ఆక్షేపణ చేయు పెద్దలను మేము గౌరవముతో నొక ప్రశ్న యడుగుచున్నాము. 377వ సెక్షను ఎవరు వ్రాసిరి? మెకాలే మొదలుపెట్టిన ముసాయిదానుండి పుట్టి 1860లో శాసనమైన శిక్షాస్మృతిలోనిది కాదా? హిజ్రాలను దొంగలజాబితాలవలె పుస్తకములకెక్కించి కాపలా కాయుటకు దారితీసిన 1871 నాటి నేరస్థజాతుల చట్టము ఏ ఋషి రచించెను? ఆంగ్లేయుడు తన యసహ్యమును మన ధర్మమని ముద్రవేసి పోయినాడు. ముద్రను తుడిచివైచినది మన న్యాయస్థానము. చట్టమును చేసినది మన పార్లమెంటు. పరాయివాని బూజును పట్టుకొని వ్రేలాడుట దేశభక్తి యెట్లగును?

సంప్రదాయమే కావలయునన్నచో ఆమడ దూరము పోనక్కఱలేదు. లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు 1909లో కాలధర్మము నొందువఱకు తన యింటికి వచ్చిన ప్రతి ఆకలిగొన్నవానికిని అన్నము పెట్టినది. వేళ గాని వేళ వచ్చినవానిని ‘ఇంతసేపు ఎచ్చట తిరిగితివి?’ అనలేదు. ‘నీ కులమేమి, నీ నడత యెట్టిది, కష్టపడి సంపాదింపరాదా?’ అని విచారణ జరిపిన పిదప విస్తరి వేయలేదు. ఆకలి యున్నది, అన్నమున్నది, అంతియే. ఆ మహాతల్లి పేర పాఠశాలలలో భోజనము పెట్టుచున్నాము, సంతోషమే. ఆమె నడచిన తీరు ఆసుపత్రి గుమ్మము దాకను రాకూడదా? రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీని తొలి వితంతువివాహము జరిపించిన వీరేశలింగము పంతులుగారు వితంతువును జూచి ‘నీ పూర్వజన్మ పాపము’ అని ఉపన్యసింపలేదు, పెండ్లిపీట వేసెను. ఆనాడును సంప్రదాయము పేరుతోనే ఆయనను వెలివేసిరి.

రెండవ ఆక్షేపణ: ‘త్రాగుబోతునకు మెత్తగా చెప్పినచో నెత్తికెక్కును, తిట్టి కొట్టిననే దారికి వచ్చును.’ ఇది మన సామెతలకు నచ్చును గాని అనుభవమునకు నచ్చదు. అమెరికాలో మిల్లరు అను మనశ్శాస్త్రవేత్తయు ఆయన సహచరులును ఈ సంగతినే పరీక్షించి 1993లో ప్రకటించిరి: చికిత్సకుడు ఎంతగా ఎదిరించి నిలదీసెనో, రోగి ఏడాది తరువాత అంత యెక్కువ త్రాగుచుండెను. అంతదూర మేల? గోవాలో ప్రాథమిక ఆరోగ్యకేంద్రములకు వచ్చిన హానికర మద్యపానపరులకు స్థానికులైన కౌన్సెలర్లచేత మాటలాడించి చూచిరి. వారు వైద్యులు కారు. శిక్షణ పొందిన సామాన్యులు. నాలుగు కూర్పులకు మించకుండ మాటలాడిరి. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితము వెలువడినది: మూడు నెలలకు, కౌన్సెలరుతో మాటలాడినవారిలో నూటికి 36 మంది ప్రమాదపు త్రాగుడునుండి బయటపడిరి, మాటలాడనివారిలో 26 మంది. ఇది అద్భుతము కాదు. నూటికి పదిమంది. కాని ఆ పదిమంది ఎవరి యింటివారో ఆ యింటివారి నడుగుడు.

ఆ కౌన్సెలరు చేయు పని యేమి? ఎంత త్రాగుచున్నావు, ఏ వేళకు, ఎవరితో, ఏమి జరిగిననాడు ఎక్కువ యగుచున్నది, మానవలెనని నీకెన్నడైన తోచినదా యని అడుగును. వినును. ఆతని నోటనే ఆతని కారణములను పలికించును. మనుష్యుని యంగీకరించుట వేఱు, వాని సీసా నంగీకరించుట వేఱు. నీ పుట్టుకకు, నీ కులమునకు, నీ ప్రేమకు, నీవు కట్టుకొన్న చీరకు చికిత్స అక్కఱలేదు. నీ త్రాగుడుకు, నీ దిగులుకు చికిత్స గలదు: ఇంతియే ఆ మాట. దిగులును, త్రాగుడును కవలలు. ఒకదానికొక గది, మఱియొకదానికి వేఱొక యూరు చూపినచో రెండును నయము కావు.

మంచి మాటలు చెప్పినంతమాత్రమున ఎవ్వడును కౌన్సెలరు కాడని కూడ చెప్పవలసియున్నది. నేడు వారము దినముల తరగతికి పోయి పలక కట్టువారు బయలుదేరినారు. వణకుచున్న రోగిని తియ్యని మాటలతో ఇంటికి పంపి, ఆ రాత్రి వానికి మూర్ఛ వచ్చినచో, ఆ తియ్యదనము కఱ్ఱదెబ్బకంటె తక్కువ హాని చేసినదా? ఎవరిని తనవద్ద ఉంచుకొనవలయునో, ఎవరిని ఆ గడియలోనే ఆసుపత్రికి పంపవలయునో తెలియనివాడు ఎంత దయామయుడైనను ఈ పనికి తగడు.

ద్రవ్యమెక్కడిదందురా? ఖజానాకు మద్యముమీద వచ్చు సొమ్ము ఎవరి జేబులోనిదో మంత్రులకు తెలియును. త్రాగువానివద్ద ప్రతి సీసాకు పన్ను పుచ్చుకొని, వాడు పడిపోయిననాడు ‘నీ కర్మ’ అనుటకు ప్రభుత్వమునకు నోరెట్లాడును? ఆ రాబడిలో నొక నిర్ణీత భాగమును చట్టముచేత దీనికై వేఱుపఱచవలయును.

గోదావరి జిల్లాల శాసనసభ్యులను మేమడుగున దిది. ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున జీతము గల, శిక్షణ గల కౌన్సెలరు నొకరిని నియమింపుడు. అందు స్త్రీలుండవలయును, త్రాగుడునుండి బయటపడినవారుండవలయును, హిజ్రాలుండవలయును. కాకినాడ రంగరాయ వైద్యకళాశాలలోను, 2023లో వెలసిన రాజమహేంద్రవరపు వైద్యకళాశాలలోను మానసికవైద్యులు వీరి పనిని నెలనెల పరీక్షింపవలయును. స్త్రీలకు వేఱు పడకలుండవలయును. 2022 అక్టోబరునుండి 14416 అను టెలిమానస్ నంబరు నడచుచున్నది. పిలిచినచో ఉచితముగా సలహా దొరకును. ఆ నంబరును మద్యపు టంగడి పలకమీదనే, ధరల పట్టికకు సరిసమానమైన యక్షరములతో వ్రాయింపుడు.

జిల్లా కలెక్టరులకు వేఱొక విన్నపము. తమ జిల్లాలో చట్టప్రకారము నమోదైన కేంద్రము లేవి, కాని వేవి, ఏ కేంద్రమును ఏ తేదీని ఎవరు తనిఖీ చేసిరి అను పట్టికను తెలుగులో ముద్రించి, ప్రతి సచివాలయపు గోడకును, ప్రతి గ్రంథాలయపు గుమ్మమునకును అంటింపజేయవలయును. దానికి కొత్త చట్టము అక్కఱలేదు, కొత్త బడ్జెటు అక్కఱలేదు; కాగితమును జిగురును చాలును. ఆ పట్టిక ఎన్నడు వెలువడునో, వెలువడనిచో ఎవరు అడ్డుపడుచున్నారో మేము విచారించుచునేయుందుము.